సైన్స్ క్లాసులోకి బయటివాళ్లు: ఈ గొడవ అర్థం కావాలంటే హోషంగాబాద్ తెలియాలి

2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం సర్కారు బడుల కోసం ఖాన్ అకాడమీ, ఫిజిక్స్ వాలా, పై జామ్ లాంటి ఆరు బయటి సంస్థలతో ఒప్పందాలు చేసుకున్నాక పాత గొడవ మళ్లీ మొదలైంది. బయటివాళ్లొచ్చి కోడింగ్, సైన్స్ చెప్తే ఇక మేమెందుకు అని టీచర్లు, ఎవరు చెప్తే ఏంటండీ మా పిల్లలకి నాలుగు ముక్కలు వస్తే చాలు అని తల్లిదండ్రులు. ఎన్జీవోలు, కంపెనీలు సర్కారు బడికి ఎలా వచ్చాయన్న చరిత్ర చాలామంది రాశారు, మళ్లీ అదంతా చెప్పను. నా లెక్కలో అసలు మలుపు 2002 జూలైలో మధ్యప్రదేశ్‌లో వచ్చింది, హోషంగాబాద్ జిల్లా బడుల్లో ప్రయోగాలు చేయిస్తూ సైన్స్ నేర్పే హోషంగాబాద్ సైన్స్ ప్రోగ్రామ్‌ని ప్రభుత్వం ఆపేసినప్పుడు.

అప్పటికి ఆ ప్రోగ్రామ్‌కి ముప్పై ఏళ్లు. 1972లో కిషోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు స్వచ్ఛంద సంస్థలు కలిసి 16 మిడిల్ స్కూళ్లలో మొదలుపెడితే ముంబైలోని టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్ సైంటిస్టులు, ఢిల్లీ యూనివర్సిటీ లెక్చరర్లు రైలెక్కి వచ్చి పనిచేశారు. 1978లో జిల్లా మొత్తానికి విస్తరించారు, 1982లో ఏకలవ్య సంస్థ పుట్టి దీన్ని భుజానికెత్తుకుంది, చివరికొచ్చేసరికి దాదాపు 1000 స్కూళ్లు.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. అంత పెద్ద చదువులు చదివినవాళ్లు వచ్చి పిల్లలకి పాఠం చెప్పేసి వెళ్లిపోలేదు. ఎండాకాలం సెలవుల్లో టీచర్లతో కూర్చుని, ప్రతి ప్రయోగం వాళ్లతోనే చేయించి, తర్వాత నెలనెలా మీటింగ్ పెట్టి క్లాసులో ఏది కుదిరింది ఏది కుదరలేదు అని అడిగి, దాన్నిబట్టి పుస్తకాన్నే మార్చేవాళ్లు. క్లాసు మాత్రం టీచర్‌దే. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబ్ ముక్కలు ఇచ్చి చతురస్రం చేయమంటే పిల్లలు చేస్తారు, వేలితో నొక్కితే అది పక్కకి ఒరిగిపోతుంది, అదే త్రిభుజం చేసి నొక్కితే ఎంత నొక్కినా కదలదు. ఎందుకు కదల్లేదు అని పిల్లాడు అడిగితే జవాబు చెప్పకుండా ఇంకో పుల్ల చేతికిచ్చి చూడమనే టీచర్ కావాలి, అలాంటి టీచర్ ఒక్క వర్క్‌షాప్‌తో తయారవ్వడు. పరీక్ష కూడా పుస్తకం తెరిచి రాసేదే, ప్రాక్టికల్ వేరుగా ఉండేది.

మరి ఎందుకు ఆపారు? జిల్లా పిల్లలు పైక్లాసుల బోర్డు పరీక్షల్లో వెనకబడుతున్నారని, రాష్ట్రమంతా ఒక పుస్తకం ఉంటే ఇక్కడ ఇంకోటి ఎందుకని ఒక ఎమ్మెల్యే లేవనెత్తితే జిల్లా ప్లానింగ్ కమిటీ తీర్మానం చేసింది, ప్రభుత్వం సరేనంది. తల్లిదండ్రులకి మార్కుల భయం నిజంగానే ఉండొచ్చు, దాన్ని తప్పుపట్టను. కానీ ఏకలవ్య వాళ్లు రిజల్ట్స్ ముందుపెట్టి అలా లేదన్నారు, దేశంలో పేరున్న సైంటిస్టులు ఆపొద్దని అడిగారు, ఏళ్ల తరబడి ఇందులో పనిచేసిన టీచర్లు అక్కడే ఉన్నారు. ఇంతమంది ఉన్నా ఒక్క ఆర్డర్‌తో అయిపోయింది. నడుపుతున్నది ప్రభుత్వ టీచర్లే అయినా ఫైల్లో అది ఒక సంస్థ ప్రోగ్రామ్‌గానే మిగిలింది, సంస్థని పక్కనపెడితే క్లాసులో టీచర్లు చేయిస్తున్న ఆ పని కూడా దాంతోపాటే ఆగిపోయింది.

ఆ తర్వాత బయటి సంస్థలు టీచర్‌ని తయారుచేయడం అనే కష్టమైన దారి వదిలి తేలికైన దారులు పట్టాయని నాకనిపిస్తుంది. అన్నీ ఒకటే అనను. 1999లో మొదలై కుప్పంలో క్యాంపస్ ఉన్న అగస్త్య ఫౌండేషన్ వ్యాన్‌లో మోడల్స్ వేసుకుని పల్లెటూరి బడికి వెళ్తే పిల్లలు వాటిని చేత్తో తిప్పి చూస్తారు, ఆ సంతోషం నిజం, కాకపోతే వ్యాన్ వెళ్లిపోయాక మర్నాడు క్లాసుకి వచ్చేది ఫిజికల్ సైన్స్ సారే. జనంలో సైన్స్ ప్రచారం చేసే మన జన విజ్ఞాన వేదికది ఇంకో రకం, 1988లో పుట్టింది, పిల్లలకి అది పెట్టే చెకుముకి సైన్స్ పరీక్షలు నడిపేవాళ్లలో చాలామంది సర్కారు టీచర్లే కాబట్టి అక్కడ బయటివాళ్లు లోపలివాళ్లు అన్న తేడానే పెద్దగా రాలేదు.

ఇక ట్యాబ్‌లు. 2022లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ పాఠాల కంపెనీ బైజూస్‌తో ఒప్పందం చేసుకుని డిసెంబర్‌లో ఎనిమిదో క్లాసు పిల్లలకి, టీచర్లకి కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది, 2024 జూలైకల్లా ఆ కంపెనీయే దివాలా విచారణలో పడింది. హోషంగాబాద్‌లో సంస్థని పక్కనపెట్టినా దాని దగ్గర నేర్చుకున్న టీచర్లు మిగిలారు, ఇక్కడ వీడియోల్లోని పాఠం ఎలా చెప్పాలో టీచర్‌తో ఎవరు కూర్చున్నారు?

అందుకే ఇప్పుడు టీచర్లు అడిగేదాన్ని ఉద్యోగ భయం అని కొట్టిపారేయడం అన్యాయం. ఈ సంస్థలవాళ్లు నెలనెలా చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌కి వచ్చి మాతో కూర్చుంటారా, కోడింగ్ పీరియడ్ తీసుకునేది మేమా వాళ్లా, గడువు అయిపోయాక ఆ మెటీరియల్ బడిలో ఉంటుందా లేదా అన్నది ఒప్పందాల్లోనే రాయాలి. రాసుంటే ఆ కాగితాలు స్కూళ్లకి పంపండి, హెచ్ఎంలు చదువుకుంటారు.