ఈమెయిల్ అడ్రస్‌కీ ఒక వ్యాకరణం ఉంది

కౌన్సెలింగ్ సీజన్లో గుంటూరు బ్రాడీపేటలోనో విజయవాడ గవర్నర్‌పేటలోనో ఏదన్నా నెట్ సెంటర్లో కాసేపు కూర్చుంటే ఈ గోల మీకూ కనపడుతుంది, పిల్లాడు అప్లికేషన్ నింపుతాడు, అడ్రస్ కొడతాడు, ఎర్ర అక్షరాల్లో "ఇన్‌వాలిడ్ ఈమెయిల్" అని వస్తుంది. ఏంటా అని చూస్తే అడ్రస్‌లో ప్లస్ గుర్తు ఉంది, అంతే. రోజూ మెయిల్స్ వస్తున్న అడ్రసే అది, పిల్లాడి తప్పేం లేదు. ఆ ఫారం రాసినవాళ్లు అసలు రూల్ ఏంటో చూడకుండా "అడ్రస్ అంటే ఇలా ఉంటుందిలే" అని అంచనా మీద రాసేశారు.

నిజానికి ఆ రూల్ ఎప్పుడో రాసిపెట్టి ఉంది. ఇంటర్నెట్ రూల్స్ రాసిపెట్టే పత్రాలని ఆర్‌ఎఫ్‌సీలు అంటారు, 1982లో ఆర్‌ఎఫ్‌సీ 822, దాన్ని సవరించి 2001లో 2822, మళ్లీ 2008లో 5322. వీటిల్లో రూల్స్ మాటల్లో వదిలెయ్యకుండా వ్యాకరణ సూత్రాల్లాగా రాశారు. ఈ పద్ధతి 1959లో జాన్ బ్యాకస్ ఆల్గాల్ అనే ప్రోగ్రామింగ్ భాష కోసం మొదలుపెట్టింది, పీటర్ నౌర్ దాన్ని సరిచేసి వాడాడు. సూత్రాలతో భాషని కట్టే పని పాణిని ఎప్పుడో చేశాడు కదా, దీనికి ఆయన పేరు కూడా కలపండి అని 1967లో ఇంగర్‌మాన్ అనే ఆయన ఒక ఉత్తరం కూడా రాశాడు. నాకైతే అది చాలా న్యాయమైన మాట అనిపిస్తుంది.

సూత్రాలు తెలుగులో రాసుకుంటే దాదాపు ఇలా ఉంటాయి:

అడ్రస్ = పేరు "@" డొమైన్
పేరు = ముక్క *("." ముక్క)
ముక్క = 1*గుర్తు

డొమైన్ అంటే @ తర్వాత వచ్చే సైటు పేరు. నక్షత్రం అంటే అసలు లేకపోయినా పర్లేదు, ఎన్నిసార్లు వచ్చినా పర్లేదు అని. 1* అంటే కనీసం ఒకటన్నా ఉండాలి అని. గుర్తు అంటే అక్షరాలు, అంకెలు, ఇంకా ప్లస్, హైఫన్, అండర్‌స్కోర్ లాంటివి కొన్ని. ఇప్పుడు రవి..గుంటూరు అనే పేరు తీసుకోండి, మొదటి చుక్క తర్వాత ఒక ముక్క రావాలి, ముక్కలో కనీసం ఒక గుర్తు ఉండాలి, కానీ అక్కడ ఇంకో చుక్క ఉంది, చుక్క గుర్తుల లిస్టులో లేదు, అక్కడితో ఆగిపోయింది. చుక్కతో మొదలవకూడదు, చుక్కతో ముగియకూడదు, రెండు చుక్కలు పక్కపక్కన రాకూడదు అని మూడు రూల్స్ విడివిడిగా ఎక్కడా రాయలేదు చూడండి, మూడూ ఆ ఒక్క లైన్లోంచే వచ్చేశాయి!

ఇంతవరకూ అయితే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ చాలు, అంటే రాసినది ఫలానా నమూనాలో ఉందా లేదా అని చూసే చిన్న సూత్రం. కానీ అసలు స్టాండర్డ్ ప్రకారం అడ్రస్ మధ్యలో బ్రాకెట్లు పెట్టి కామెంట్ రాసుకోవచ్చు, ఆ కామెంట్లో ఇంకో కామెంట్, దాన్లో ఇంకోటి, ఎంత లోతుకైనా పోవచ్చు. తెరిచినవి ఎన్నో మూసినవి అన్నేనా అని చూడాలంటే లెక్క గుర్తుండాలి, సిద్ధాంతంలో చెప్పే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌కి ఆ జ్ఞాపకం లేదు. 1956లో భాషాశాస్త్రవేత్త చామ్‌స్కీ వ్యాకరణాలని మెట్లుగా విడగొట్టి చూపించింది ఈ తేడానే. అదృష్టం ఏంటంటే వెబ్ ఫారంలో ఎవరూ కామెంట్లు రాయరు, అందుకే వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎమ్‌ఎల్ స్టాండర్డ్ వాళ్లు మేం 5322ని తెలిసే ఉల్లంఘిస్తున్నాం అని పైకే చెప్పి వాటిని వదిలేశారు. ఇది మంచి పద్ధతి, వదిలేది ఏంటో తెలిసి వదలడం వేరు, తెలియక పిల్లాడి ప్లస్‌ని తన్నేయడం వేరు.

నాకు అన్నిటికన్నా నచ్చేది 2012లో జరిగింది. ఆర్‌ఎఫ్‌సీ 6531లో తెలుగు లాంటి లిపుల్లో కూడా అడ్రస్ పెట్టుకునేలా చేశారు, దానికోసం పేరు వ్యాకరణం మొత్తం తిరగరాయలేదు, "గుర్తు" అనే సూత్రానికి ఇంకో ఒక్క లైన్ తగిలించారు, అంతే. చుక్కల రూల్ అలాగే ఉంది. డొమైన్ వైపు .భారత్ తెలుగులోనే ఉంది కాబట్టి గుంటూరు@ఉదాహరణ.భారత్ అనే అడ్రస్ వ్యాకరణం ప్రకారం శుభ్రంగా సరైనదే.

కానీ మన ఫారాల్లో పెట్టి చూడండి, చాలావాటిల్లో ఆగిపోతుంది. ఎ నుంచి జెడ్ వరకే రాసినవి ఎలాగూ ఆపుతాయి, తెలుగు కూడా తీసుకుందాం అనుకుని "యూనికోడ్ అక్షరం" (యూనికోడ్ అంటే అన్ని లిపుల గుర్తులకీ నంబర్లిచ్చిన పట్టిక) అని రాసినవాళ్లు కూడా ఇక్కడే దెబ్బతింటారు. ఎందుకంటే గుంటూరు అనే మాట కంప్యూటర్‌కి ఏడు గుర్తులు: గ, కొమ్ము, సున్నా, ట, కొమ్ము దీర్ఘం, ర, మళ్లీ కొమ్ము. యూనికోడ్ లెక్కలో వీటిల్లో అక్షరాలు మూడే, మిగతా నాలుగూ చిహ్నాల కేటగిరీ. అక్షరాలు మాత్రమే అని రూల్ పెడితే గ దగ్గరే ఆగిపోతుంది, గుణింతం వచ్చిన ఏ తెలుగు పేరూ దాటదు. ఇంకోటి, @కి ముందు భాగం 64 బైట్లు దాటకూడదు, తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు పడతాయి, అంటే గుంటూరు ఒక్కదానికే 21 బైట్లు. పొడుగు పేరూ ఇంటిపేరూ కలిపి తెలుగులో రాసుకుందాం అనుకునేవాళ్లకి మొత్తం 21 గుర్తులే దక్కుతాయి, ఒత్తులూ గుణింతాలూ అన్నీ అందులోనే.