టిబెట్‌లో మన పోస్టాఫీసులు చైనా చేతికి ఎలా వెళ్లాయంటే

1954 ఏప్రిల్ 29 అనగానే అందరికీ పంచశీలే గుర్తొస్తుంది. ఆ రోజు బీజింగ్‌లో టిబెట్ విషయమై భారత్, చైనా చేసుకున్న ఒప్పందంతో పాటు మార్చుకున్న లేఖలను మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోరు. టిబెట్‌లో భారత ప్రభుత్వం నడుపుతున్న తపాలా, టెలిగ్రాఫ్, టెలిఫోన్ సర్వీసులన్నీ సామగ్రితో సహా చైనాకు అప్పగిస్తామని రాసింది వాటిలోనే.

అసలు మన పోస్టాఫీసులకు అక్కడేం పని? 1903-04లో బ్రిటిష్ అధికారి యంగ్‌హస్బెండ్ వెంట బ్రిటిష్ ఇండియా సైన్యం లాసా మీదికి వెళ్లినప్పుడు దాని వెనకే తపాలా సంచీ, టెలిగ్రాఫ్ తీగ కూడా వెళ్లాయి. సైన్యం వెనక్కి వచ్చేసింది గానీ యాతుంగ్, ఫారి, గ్యాంట్సెల్లో పోస్టాఫీసులు ఉండిపోయాయి.

టిబెట్ 1912 నుంచి సింహం బొమ్మతో సొంత స్టాంపులు వేసుకుంది, కానీ అంతర్జాతీయ తపాలా సంఘంలో సభ్యత్వం లేకపోవడంతో బయటి దేశాల్లో అవి చెల్లేవి కావు. అందుకే లాసా నుంచి కలకత్తాకు ఉత్తరం వెళ్లాలంటే గ్యాంట్సె దాకా టిబెట్ స్టాంపు, అక్కడి నుంచి ఇండియా స్టాంపు. ఒకే కవరు మీద ఒక పక్క సింహం, ఇంకో పక్క జార్జి రాజు! స్టాంపులు సేకరించేవాళ్లు ఇప్పటికీ ఆ కవర్ల కోసం వెతుకుతుంటారు.

ఇక చైనాకు విదేశీ పోస్టాఫీసులంటేనే పాత మంట. తమ రేవు పట్టణాల్లో బ్రిటన్, అమెరికా, ఫ్రాన్స్, జపాన్ నడిపినవాటిని మూయించడానికి 1922 వాషింగ్టన్ సమావేశం దాకా పోరాడాల్సి వచ్చింది, అప్పుడు కూడా షరతులతోనే ఒప్పుకున్నారు. అలాంటి చైనా, 1951లో టిబెట్ తన అధీనంలోకి వచ్చాక అక్కడి మన పోస్టాఫీసులను ఊరికే ఉండనిస్తుందా?

1953 డిసెంబరు 31న బీజింగ్‌లో చర్చలు మొదలయ్యాయి. సంతకాలు చేసింది మన రాయబారి ఎన్.రాఘవన్, చైనా ఉప విదేశాంగ మంత్రి జాంగ్ హాన్‌ఫు. సరిహద్దు సంగతి తేల్చకుండా ఇవన్నీ ఇచ్చేశారని నెహ్రూను తిట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, ఆ తిట్టులో కొంత న్యాయం ఉంది కూడా. కానీ పోస్టాఫీసుల వరకే చూస్తే నాకు వేరే దారి కనిపించదు, ఎందుకంటే అదే 1954లో మనం ఫ్రెంచివాళ్లను పుదుచ్చేరి, యానాం వదిలి పొమ్మంటున్నాం, అప్పటిదాకా యానాంలో నడిచింది ఫ్రెంచి తపాలాయే కదా!

లేఖల్లో 'తగిన ధరకు' అప్పగిస్తామని రాసుకున్నారు. తీరా 1955 ఏప్రిల్ 1న అప్పగించేటప్పుడు తపాలా, టెలిగ్రాఫ్ సామగ్రికి మనవాళ్లు డబ్బు తీసుకోలేదు, అక్కడ మన ప్రభుత్వానికి ఉన్న ప్రయాణికుల విడిది బంగళాలకు మాత్రం తీసుకున్నారు.