ఎరుపు, వాపు, దురదలో నరాల పాత్ర: అపోహలు - వాస్తవాలు

చర్మవ్యాధుల ఓపీలో నేను తరచూ వినే మాటలివి.

అపోహ: నరం పని నొప్పి కబురు మెదడుకు చేర్చడం వరకే. ఎరుపు, వాపు రోగనిరోధక కణాల పని.

వాస్తవం: ముంజేతి మీద పెన్ను క్యాప్‌తో గట్టిగా గీత గీయండి. ముందు ఎర్ర గీత పడుతుంది. కాసేపటికి క్యాప్ తగలని చోటకీ ఎరుపు పాకుతుంది. అలా పాకించేది నరమే. సంకేతం వెన్ను వైపు వెళ్తూ దారిలోని పక్క కొమ్మల్లోకీ మళ్లుతుంది. వాటి కొసల నుంచి సీజీఆర్‌పీ, సబ్‌స్టెన్స్ పి అనే రసాయనాలు ఊరతాయి. మొదటిది రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. రెండోది నాళాల నుంచి నీరు ఊరేలా చేసి, చర్మంలోని మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాలను రెచ్చగొట్టి, దద్దురు, దురద తెచ్చే హిస్టమిన్ వదిలిస్తుంది.

కుష్టు మచ్చ మీద ఇది కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. మచ్చ మీద ఒక చుక్క, మంచి చర్మం మీద ఒక చుక్క హిస్టమిన్ వేసి సూదితో పొడుస్తాం. రెండు చోట్లా దద్దురు లేస్తుంది. చుట్టూ ఎరుపు మాత్రం మంచి చర్మం మీదే పాకుతుంది. మచ్చలో నరాల కొసలు దెబ్బతిని ఉంటాయి మరి. పీజీలో మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు ఆ చేతినే చూస్తూ ఉండిపోయాను. (బాగా నల్లటి చర్మం మీద ఎరుపు సరిగా కనపడదు, కాబట్టి అందరికీ ఈ పరీక్ష పనికిరాదు.)

అపోహ: ముందు వాపు వస్తుంది, అది నొక్కితేనే నొప్పి.

వాస్తవం: నొక్కడమూ ఉంటుంది. కానీ సెగగడ్డలు తెచ్చే స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియా తన విషంతో నొప్పి నరాలను నేరుగానే కదిలిస్తుందని 2013లో ఎలుకల మీద తేలింది. ఆ నరాలు తీసేసిన ఎలుకల్లో రోగనిరోధక కణాలు ఇంకా ఎక్కువ వచ్చి చేరాయి. అంటే నరం వాపును ఎప్పుడూ పెంచుతుందనీ అనలేం, కొన్నిచోట్ల పగ్గం కూడా వేస్తుంది.

అపోహ: పచ్చిమిరపకాయలు తరిగితే చేతులు కాలతాయి.

వాస్తవం: కాలవు. నొప్పి నరాల కొసల మీద వేడికి తెరుచుకోవాల్సిన టీఆర్‌పీవీ1 అనే గేటును మిరపలోని ఘాటు పదార్థం క్యాప్సైసిన్ వేడి లేకుండానే తెరుస్తుంది. 1997లో దీన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. ముందు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగండి.

అపోహ: బాగా గోకితే దురద పోతుంది.

వాస్తవం: ఎగ్జిమాలో రోగనిరోధక కణాలు వదిలే ఐఎల్-31 అనే రసాయనం దురద నరాలను తట్టి లేపుతుంది. గోకితే నొప్పి నరాలు లేచి, సబ్‌స్టెన్స్ పి వదిలి, మాస్ట్ కణాలను మళ్లీ రెచ్చగొడతాయి. అందుకే ఎగ్జిమా ఉన్న పిల్లల తల్లులకు ఆయింట్‌మెంట్ రాసిచ్చే ముందే గోళ్లు పొట్టిగా కత్తిరించమంటాను, దురద లేచినప్పుడు చల్లటి తడిగుడ్డ వేయమంటాను.