డైపర్ మార్చడం కూడా టాయిలెటింగే: చార్టింగ్ మీద అపోహలు, వాస్తవాలు

అమెరికాలో నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్ళో లాగా చిన్న ఆసుపత్రి కాదు, పెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి ఉండే చోటు. అక్కడ నేను ఎండీఎస్ నర్సుని. అంటే అక్కడ ఉండే ప్రతి మనిషి (రెసిడెంట్) పరిస్థితి గురించి ప్రభుత్వానికి వెళ్ళే ఎండీఎస్ (మినిమమ్ డేటా సెట్) అనే అసెస్‌మెంట్ ఫారం నింపుతాను. నర్సింగ్ అసిస్టెంట్లు చార్టులో రాసిందే నాకు ముఖ్యమైన ఆధారం.

అపోహ: మంచం దిగకుండా డైపర్‌లోనే ఉండే మనిషికి టాయిలెటింగ్ జరగనట్టే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. రోజువారీ పనులకి ఎంత సాయం పడుతుందో రాసే పాత జీ సెక్షన్‌ని ఆ ఫారంలోంచి 2023 అక్టోబర్ 1 నుంచి తీసేశారు, ఇప్పుడు జీజీ అనే సెక్షన్ చూడాలి. అందులో టాయిలెట్ మీద కూర్చుని లేవడం ఒక అంశం, శుభ్రం చేసుకుని బట్టలు సర్దుకోవడం వేరే అంశం. మొదటిది జరగకపోవచ్చు. రెండోది రోజుకి ఎన్నోసార్లు జరుగుతుంది. డైపర్ విప్పడం, తుడవడం, కొత్తది వేయడం అన్నీ దాని కిందకే వస్తాయి.

ఒకసారి మన తెలుగమ్మాయి ఒకావిడకి డైపర్ మారుస్తుంటే పక్కనే ఉన్నాను. పెద్దావిడకి పక్షవాతం, కుడిచేయి లేవదు. ఆ అమ్మాయి గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ పిండి ఎడమచేతికి ఇచ్చింది. ముందువైపు ఆవిడే తుడుచుకుంది. పక్కకి తిప్పి వెనక తుడవడం, తడి అద్దడం, క్రీమ్ రాయడం, డైపర్ వేయడం అమ్మాయి చేసింది. బయటికొచ్చి స్క్రీన్ మీద ‘జరగలేదు’ అని నొక్కేసింది. “ఆవిడ టాయిలెట్‌కి వెళ్ళలేదు కదక్కా” అంది.

అక్కడ పడాల్సిన అంకె 02, అంటే సగం కన్నా ఎక్కువ సాయం. ఆవిడ ఏమీ చేయలేకపోయినా, ఇద్దరు సాయం పట్టాల్సి వచ్చినా 01. ‘జరగలేదు’ అంటే అమ్మాయి పడ్డ కష్టమూ లేదు, ఆ ఎడమచేయి చేసిన పనీ లేదు. మెడికేర్ (పెద్దవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) చెల్లింపుల లెక్కలోకి కూడా ఈ అంకె వెళ్తుంది.

అపోహ: మనం గుర్తుచేసి తీసుకెళ్తేనే మూత్రం పోశారు, కాబట్టి అది అదుపులో ఉన్నట్టు లెక్కలోకి రాదు.

వస్తుంది. సాయం పట్టినా సరే, టాయిలెట్‌లోనో యూరినల్‌లోనో (మంచం దగ్గరే పట్టే సీసా) పోస్తే అది అదుపులో ఉన్నట్టే. 7 రోజుల్లో 7 సార్ల కన్నా తక్కువ తడిస్తే ఫారంలో ‘అప్పుడప్పుడు’ అదుపు తప్పుతుందని రాస్తాం. 7 లేదా అంతకన్నా ఎక్కువసార్లు తడిసినా, ఒక్కసారైనా అదుపులో పోస్తే ‘తరచుగా’. ఆ ఒక్కసారి కూడా లేకపోతేనే ‘ఎప్పుడూ’ అదుపు తప్పుతున్నట్టు. రాత్రి యూరినల్ పట్టిన ఆ ఒక్కసారి రాయలేదంటే మనిషి ‘ఎప్పుడూ’లో పడతాడు. ఇక ఆయన్ని టాయిలెట్‌కి తీసుకెళ్ళి చూద్దామని ఎవరికీ తోచదు.

అపోహ: రెండు గంటలకోసారి డైపర్ చూసి మార్చడమే టాయిలెటింగ్ ప్రోగ్రామ్.

కాదు. ఆ మనిషి ఏ వేళల్లో పోస్తున్నారో గమనించి, దాన్నిబట్టి వేళలు పెట్టి, ఫలితం రాసుకుంటేనే ప్రోగ్రామ్.

అపోహ: కేథటర్ (మూత్రం బయటికి తెచ్చే గొట్టం) ఉంటే రాయడానికేమీ ఉండదు.

విరేచనం అవుతుంది కదా! అప్పుడు పట్టిన సాయం రాయాలి.

అపోహ: షిఫ్ట్ చివర్లో అన్నీ కలిపి టిక్ పెట్టినా ఒకటే.

ఒక చోట రాత్రంతా ‘పొడి’ అని ఉంది. పొద్దున చూస్తే దుప్పటి మీద ఎండిపోయిన గోధుమరంగు వలయం, నడుము కింద చర్మం ఎర్రగా కంది ఉంది. పని తెమలని రాత్రుల టెన్షన్ నాకూ తెలుసు. అయినా గదిలోంచి బయటికి రాగానే టైము, తడి-పొడి, చర్మం, ఎంత సాయం పట్టింది, ఈ నాలుగూ రాసేయండి. వద్దంటే అది కూడా రాయండి. ‘4 గంటలకి వద్దన్నారు, 4:30కి అడిగితే సరేనన్నారు’ అని రెండు మూడు రోజులు వరసగా కనిపిస్తే, ఆ మనిషిని అడిగే వేళ 4:30కి మార్చమని కేర్ ప్లాన్‌లో రాయగలను.