గ్రూప్ బి స్ట్రెప్: గర్భిణులందరికీ పరీక్ష చేయాలా అన్న ప్రశ్న ఎక్కడ మొదలైంది?

అమెరికాలో 36వ వారం నిండిన ప్రతి గర్భిణికీ యోని, మలద్వారాల దగ్గర స్వాబ్ (దూది పుల్లతో నమూనా) తీసి గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా ఉందేమో చూస్తారు. బ్రిటన్‌లో అందరికీ చేయరు. రెండు దేశాల డాక్టర్లు చదివే పరిశోధనలు మాత్రం ఒకటే. ఈ తేడా ఎందుకు వచ్చిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

ఈ బ్యాక్టీరియాను మొదట గుర్తించింది పశువుల్లో. 1887లో ఫ్రాన్స్‌లో ఆవుల పొదుగువాపుకు ఇదే కారణమని తేల్చారు. 1933లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో రెబెకా లాన్స్‌ఫీల్డ్ స్ట్రెప్టోకాకస్‌లను గ్రూపులుగా విడదీసినప్పుడు ఇది ‘బి’లో చేరింది. 1938లో ఫ్రై అనే డాక్టర్, ముగ్గురు బాలింతల మరణానికి ఇదే కారణమని రాశారు. అయినా మరో పాతికేళ్లు దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

1970ల నాటికి పరిస్థితి మారిపోయింది. అమెరికాలో నవజాత శిశువుల రక్తంలో ఇన్ఫెక్షన్‌కు, మెదడు పొరల వాపుకు ఇదే ప్రధాన కారణంగా తేలింది. జబ్బుపడిన పసికందుల్లో సగం మంది దాకా చనిపోయేవారు. ఇంత హఠాత్తుగా ఎందుకు పెరిగింది? 2014లో వచ్చిన ఒక జన్యు అధ్యయనం ఆలోచించదగ్గ జవాబు చెప్పింది. 1948 నుంచి టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వాడకం విపరీతంగా పెరగడంతో, ఆ మందుకు లొంగని కొన్ని రకాలే బతికి మనుషుల్లో వ్యాపించాయట. ఆ లెక్కన ఒక యాంటీబయాటిక్ తెచ్చిపెట్టిన ముప్పును ఇప్పుడు కాన్పు సమయంలో ఇచ్చే ఇంకో యాంటీబయాటిక్‌తో ఆపుతున్నామన్నమాట.

ప్రపంచవ్యాప్తంగా చూస్తే, సుమారు ప్రతి ఐదుగురు గర్భిణుల్లో ఒకరి ఒంట్లో ఇది ఉంటుంది. వాళ్లలో చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. ఇది శుభ్రత లేకపోవడం వల్ల వచ్చేది కాదు, సుఖవ్యాధీ కాదు. పేగుల్లో మామూలుగా ఉండే బ్యాక్టీరియానే. పరీక్షలో పాజిటివ్ వస్తే తల్లి తన తప్పేదో ఉందని బాధపడాల్సిన పనే లేదు. కాన్పు సమయంలో ఏ మందూ ఇవ్వకపోతే ఇలాంటి తల్లుల బిడ్డల్లో దాదాపు సగం మందికి ఇది అంటుకుంటుంది. వాళ్లలో జబ్బుపడేది నూటికి ఒకరో ఇద్దరో. కానీ జబ్బుపడితే గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

గర్భంతో ఉండగా ముందే మాత్రలు వాడితే సరిపోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. సరిపోదు. పేగుల్లోంచి బ్యాక్టీరియా మళ్లీ వచ్చేస్తుంది. 1986లో షికాగోలో బోయర్, గాటాఫ్ అనే ఇద్దరు డాక్టర్లు నొప్పులు మొదలయ్యాక నరంలోకి యాంపిసిలిన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించి చూశారు. మందు ఇవ్వని తల్లుల బిడ్డల్లో సగం మందికి బ్యాక్టీరియా అంటుకుంటే, ఇచ్చినవాళ్లలో పదిమందికి ఒకరికి కూడా అంటలేదు. అయినా ఈ పద్ధతి ఆసుపత్రులకు చేరడానికి పదేళ్లు పట్టింది. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు సంఘాలుగా ఏర్పడి గట్టిగా అడగకపోయి ఉంటే ఇంకా ఆలస్యమయ్యేదనే నేను అనుకుంటాను.

1996లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ రెండు దారులు చూపింది. అందరికీ పరీక్ష చేయడం ఒకటి. జ్వరం, నెలలు నిండకముందే నొప్పులు, ఉమ్మనీరు పోయి చాలాసేపు కావడం లాంటి ప్రమాద సూచనలు ఉన్నవారికే మందు ఇవ్వడం రెండోది. 6 లక్షలకు పైగా కాన్పుల్లోంచి ఎంచిన కొన్నింటి వివరాలు పోల్చి చూస్తే, మొదటి దారి 50 శాతానికి మించి మెరుగ్గా పనిచేసిందని తేలింది. దాంతో 2002లో అందరికీ పరీక్ష అన్నారు. 1990ల మొదట్లో వెయ్యి కాన్పులకు 1.7 దాకా ఉన్న తొలివారం జబ్బు ఇప్పుడు 0.2 దగ్గరికి దిగింది.

బ్రిటన్ 2003లో రెండో దారే పట్టింది. వాళ్ల వాదన కొట్టిపారేసేది కాదు. 36వ వారంలో పాజిటివ్ వచ్చినవారిలో కొందరికి కాన్పు నాటికి బ్యాక్టీరియా ఉండదు. ఒక్క బిడ్డను కాపాడటానికి వందలమంది తల్లులకు యాంటీబయాటిక్ ఎక్కించాలి. నెలలు నిండకుండా పుట్టే బిడ్డలు ఆ పరీక్షకు ముందే పుట్టేస్తారు. అయినా పరీక్ష సంగతి కనీసం ప్రతి గర్భిణికీ చెప్పాలి కదా. తెలిసి వద్దనుకోవడం వేరు, అసలు తెలియకపోవడం వేరు.

నొప్పుల్లో ఇచ్చే మందు మొదటి వారంలో వచ్చే జబ్బునే ఆపుతుంది. ఏడో రోజు నుంచి మూడు నెలల లోపు వచ్చే జబ్బు తగ్గలేదు. కడుపులోనే బిడ్డ చనిపోవడాన్నీ ఆ మందు ఆపలేదు. ఏటా ప్రపంచంలో సుమారు 91 వేలమంది పసికందులు ఈ ఇన్ఫెక్షన్‌తో చనిపోతున్నారని, 46 వేలమంది మృతశిశువులుగా పుడుతున్నారని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. తల్లికి వేసే టీకా వస్తే ఈ మరణాల్లో చాలా వాటిని ఆపవచ్చు. తల్లి రక్తంలో యాంటీబాడీలు (జబ్బును ఎదుర్కొనే రక్షక పదార్థాలు) తక్కువైతే బిడ్డకు ముప్పు ఎక్కువని అమెరికా పరిశోధకులు కరోల్ బేకర్, డెనిస్ కాస్పర్ 1976లోనే చూపించారు. గర్భిణులపై మొదటి టీకా ప్రయోగం ఫలితాలు 1988లో వచ్చాయి. ఈ బ్యాక్టీరియాలోని ఆరు రకాలపై పనిచేసేలా ఫైజర్ తయారుచేసిన టీకాను దక్షిణాఫ్రికా గర్భిణులపై పరీక్షించి, 2023లో ఫలితాలు ప్రచురించారు. తల్లి నుంచి బిడ్డకు యాంటీబాడీలు చేరుతున్నట్టు అందులో కనబడింది.