మందు చల్లే విమానం దిగేటప్పుడు అదుపు తప్పితే: అపోహలు - వాస్తవాలు

పైరు మీద మందు చల్లే విమానం రన్‌వేపై గిర్రున తిరిగి రెక్క నేలకు రాసుకుందని తెలియగానే అందరూ పైలట్ గురించే అడుగుతారు. విమానాల మరమ్మతు చేసేవాణ్ణి కాబట్టి నా కళ్ళు ముందు చక్రాల వైపు పోతాయి.

అపోహ: దిగేటప్పుడు అదుపు తప్పిందంటే తప్పు పైలట్‌ది, లేదా పక్కగాలిది.

చాలాసార్లు నిజమే, ప్రతిసారీ కాదు. ఈ విమానాల్లో ఎక్కువవాటికి మూడో చక్రం ముక్కు కింద కాక తోక కింద ఉంటుంది. ఎగుడుదిగుడు నేలకు ఆ అమరిక అనువైనదే. కానీ గరిమనాభి (విమానం బరువంతా ఒక్కచోట ఉన్నట్టు లెక్కించే బిందువు) ప్రధాన చక్రాలకు వెనకవైపు ఉండటం వల్ల, విమానం కొంచెం పక్కకు తిరిగిందంటే తోక ముక్కును దాటి ముందుకు రావాలని చూస్తుంది. వేగం ఉన్నంతసేపు రడ్డరు, అంటే తోక మీద పక్కలకు తిరిగే నిలువు పలక, దాన్ని ఆపగలదు. వేగం తగ్గాక పైలట్‌కు మిగిలేవి తోకచక్రం, ఎడమ కుడి పాదాల కింద విడివిడిగా ఉండే బ్రేకులు. మా పనిలోని లోపం బయటపడేది సరిగ్గా అప్పుడే.

ఒక విమానం నాకు బాగా గుర్తుంది. చక్కగా నేల తాకింది, కొంత దూరం తిన్నగానే పరుగెత్తింది, ఆ తరువాత ఒక్కసారిగా ఎడమకు తిరిగిపోయింది. తప్పును పక్కగాలి మీదకు నెట్టేశారు. ఎడమ బ్రేకు విప్పి చూస్తే రబ్బరు సీలు ఉబ్బిపోయి, పిస్టన్ వెనక్కి రాకుండా బిగుసుకుపోయి ఉంది. పైలట్ పాదం తీసినా బ్రేకు పట్టు వదల్లేదన్నమాట. లోపల ఉండాల్సింది ఎర్రటి ఖనిజ నూనె. ఎవరో తొందరలో కారు బ్రేకు ద్రవం పోశారు. అది గ్లైకాల్ జాతిది, విమానం బ్రేకుల్లోని సీళ్ళకు బొత్తిగా పడదు. సీళ్ళు పాడవడానికి చెంబెడు కూడా అక్కర్లేదు, తగ్గిన కొంచెం నింపితే చాలు.

అపోహ: ఎగిరిన గంటలు తక్కువ, కాబట్టి విమానం కొత్తదానికిందే లెక్క.

ఇంజనుకు ఆ లెక్క కొంతవరకు సరిపోతుంది. చక్రాలకు, కాళ్ళకు సరిపోదు. మామూలు విమానం గంటల తరబడి ఎగిరి ఒక్కసారి దిగుతుంది. ఇది మందు నింపుకొని లేచి, చల్లి, మళ్ళీ నింపుకోవడానికి దిగుతుంది. పని ముమ్మరంగా ఉన్న రోజుల్లో అలా పదుల సార్లు. ఎయిర్ ట్రాక్టర్ ఏటీ-802 లాంటి పెద్ద విమానం సుమారు 3,000 లీటర్లు మోస్తుంది. ఆ బరువుతో గతుకుల మీద పరుగెత్తి లేవాలి. చక్రాల కాళ్ళ బోల్టు రంధ్రాల దగ్గర వెంట్రుకంత పగులు పుట్టేది ఇలాంటి వాడకంలోనే. రంగు పొర కింద అది కంటికి కనబడదు. రంగు తీసి, పగుళ్ళలోకి ఇంకే ద్రవం పూసి చూడాలి. లాగ్‌బుక్‌లో గంటలతో పాటు దిగిన సార్లు కూడా రాయమని నేను పోరుతూనే ఉంటాను. రాసేవాళ్ళు తక్కువ.

అపోహ: కడగడం అందం కోసమే.

1921 ఆగస్టు 3న అమెరికాలోని ఒహాయోలో జాన్ మెక్రెడీ అనే సైనిక పైలట్ కర్టిస్ విమానంతో కటాల్పా చెట్ల మీద లెడ్ ఆర్సెనేట్ అనే పురుగుమందు పొడి చల్లాడు. ఆనాటి నుంచీ చెట్ల మీద పడేదానిలో కొంత విమానం మీదా పడుతూనే ఉంది. ఎరువుల లవణాలు అల్యూమినియాన్ని తింటాయి, ఉక్కు గొట్టాలకు తుప్పు పట్టిస్తాయి. కాబట్టి రోజూ కడగాల్సిందే. అయితే పీడనంతో కొట్టే నీటిని చక్రం ఇరుసు మీదకు గురిపెడితే బేరింగులోకి నీరు చేరి గ్రీజు పాడవుతుంది. మెరిసే విమానం కింద ఎండిపోయిన బేరింగులు నేను చాలానే చూశాను.

అపోహ: ఎంత గట్టిగా బిగిస్తే అంత భద్రం.

కాదు. చక్రం రెండు సగాలను కలిపే బోల్టులకు తయారీదారు చెప్పిన బిగువు ఒకటుంటుంది. దాన్ని మించితే బోల్టు సాగుతుంది. బిగువు కొలిచి బిగించే టార్క్ రెంచి ఉన్నది అందుకే, చేతి బలం చూపించుకోవడానికి కాదు.

అపోహ: ఇప్పుడే మరమ్మతు అయింది, ఇక భయం లేదు.

నాకు ఎక్కువ భయం అప్పుడే. విప్పి బిగించిన ప్రతిచోటా ఏదో ఒకటి మరిచిపోయే వీలుంది. ఇరుసు నట్టు ఊడకుండా ఆపే కాటర్ పిన్ను పెట్టకపోవడం ఒక రకం. ఎడమ బ్రేకు గొట్టాన్ని కుడికి, కుడిదాన్ని ఎడమకు తగిలించడం మరో రకం. అలాంటి విమానం తిన్నగా వెళ్తున్నంతసేపు ఏమీ తెలియదు, రెండు పెడళ్ళూ కలిపి నొక్కితే చక్కగానే ఆగుతుంది. సరిదిద్దుకోవాలని ఒక పాదం నొక్కినప్పుడే అది తిరగకూడని వైపుకు తిరుగుతుంది. పట్టుకోవడం కష్టమేమీ కాదు: జాకీ మీద లేపి ఒకరు పెడల్ నొక్కాలి, ఒకరు చక్రం తిప్పి చూడాలి. మందు చల్లే రోజుల్లో ఆ రెండో మనిషే దొరకడు.