బ్రేకుల్లేని బండి సంగతి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీరు పంపిన ఫొటో పెద్దది చేసి, కళ్లజోడు తుడుచుకుని మరీ చూశాను. సన్నటి చక్రాలు, సీటు కంటే కిందికి వంగిన హ్యాండిల్, రెండు గొట్టాల మధ్య వేలాడే పొడవాటి ట్యాంకు, దాని కింద వి ఆకారంలో రెండు సిలిండర్లు. దీనికి బ్రేకులు ఎక్కడున్నాయని అడిగారు. లేవు. కట్టినవాళ్లు కావాలనే పెట్టలేదు. కారణం తెలియాలంటే వందేళ్ల కిందట అమెరికాలో ఇలాంటి రేసు మోటార్‌సైకిళ్లు దేని మీద పరిగెత్తాయో ముందు తెలియాలి. అవి పరిగెత్తింది చెక్క మీద.

అమెరికాలో సైకిల్ పందేల కోసం చెక్క ట్రాకులు కట్టడంలో చెయ్యి తిరిగిన జాక్ ప్రిన్స్ అనే ఆయన ఉండేవారు. 1910లో లాస్ ఏంజెలెస్ దగ్గర ప్లాయా డెల్ రేలో ఆయన మోటారు వాహనాల కోసం మైలు చుట్టుకొలతతో గుండ్రటి ట్రాకు కట్టారు. రెండంగుళాల మందం, నాలుగంగుళాల వెడల్పు ఉన్న చెక్కలను అంచు మీద నిలబెట్టి, ఒకదాని పక్కన ఒకటి మేకులతో బిగిస్తూ పోయారు. అప్పట్లో అక్కడ కలప చవక, పని త్వరగా తెమిలేది. ఆ తర్వాత ఊరూరా ఇలాంటివి లేచాయి. మోటార్‌సైకిళ్ల కోసమే కట్టిన చిన్న వలయాలను మోటార్‌డ్రోమ్‌లు అనేవారు. వాటి చుట్టుకొలత పావు మైలు, మూడో వంతు మైలు ఉండేది. ప్లాయా డెల్ రేలో ట్రాకు లోపలి వైపుకు వాలిన వాలు 20 డిగ్రీలే. ఈ చిన్నవాటిలో కొన్నింట 60 డిగ్రీల దాకా పెంచారు. 60 డిగ్రీలంటే మనిషి నిలబడలేడు, జారిపోతాడు. దాదాపు గోడే.

గోడ మీద బండి ఎలా నిలిచింది? నీళ్ల చెంబును చేత్తో గిర్రున తిప్పితే, తలకిందులైనా నీళ్లు ఒలకవు కదా, ఆ సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. వంపులో తిరిగే బండి నేరుగా పోవాలని చూస్తుంది, వాలు దాన్ని లోపలికి నెడుతుంది. లెక్క మీ భౌతికశాస్త్రం పుస్తకంలోనే ఉంది. వేగం వర్గాన్ని వ్యాసార్ధంతోనూ గురుత్వ త్వరణంతోనూ భాగిస్తే వచ్చేది వాలు కోణపు టాంజెంట్. పావు మైలు వలయానికి వ్యాసార్ధం సుమారు 64 మీటర్లు. వాలు 60 డిగ్రీలైతే గంటకు దాదాపు 120 కిలోమీటర్ల వేగం దగ్గర బండి పైకీ జారదు, కిందికీ జారదు. ఆ వేగంలో నడిపేవాడికి తన బరువు రెట్టింపైనట్టు ఉంటుంది. మెడ, మోచేతులు, వెన్ను అన్నీ ఆ భారం మోయాలి. అంతకు మించి వేగం పెరిగితే బండిని పట్టి ఉంచేది టైరు పట్టు ఒక్కటే. ఆ టైరేమో మీ సైకిల్ టైరుకు పెద్దన్న లాంటి సన్నటిది.

ఇప్పుడు బ్రేకుల సంగతి. ఆ వాలు మీద బండిని నిలబెట్టేది వేగమే. హఠాత్తుగా వేగం తగ్గితే కిందికి జారడం ఖాయం. పైగా రేసర్లు చక్రానికి చక్రం ఆనేంత దగ్గరగా పోయేవారు. ముందున్నవాడు బ్రేకు వేస్తే వెనకవాడికి తప్పుకునే దారి లేదు. అందుకే బ్రేకు ప్రాణం కాపాడదు, తీస్తుందని అప్పటివాళ్లు నమ్మారు. బ్రేకుతో పాటు క్లచ్చు, గేర్లు కూడా పోయాయి. బండిని తోసో, ఇంకో బండితో లాగించో ఇంజను పట్టించేవారు. చాలా బండ్లలో గాలి, పెట్రోలు కలిపి ఇంజనుకు పంపే కార్బురేటర్ పూర్తిగా తెరిచే ఉండేది. హ్యాండిల్ మీద ఒక మీట నొక్కితే ఇంధనాన్ని మండించే మాగ్నెటో నుంచి నిప్పురవ్వ ఆగిపోయి ఇంజను ఊపు తగ్గుతుంది, వదిలితే మళ్లీ అందుకుంటుంది. వేగం తగ్గించుకోవడానికి చేతిలో ఉన్నది అంతే.

ఆ ఇంజన్ల గురించి చెప్పకుండా ఉండలేను. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉన్న ‘ఇండియన్’ అనే మోటార్‌సైకిల్ కంపెనీ 1911లోనే ఒక్కో సిలిండర్‌కు నాలుగేసి వాల్వుల (వాయువు వచ్చిపోయే తలుపుల) రేసింగ్ ఇంజను చేసింది. ఈ రోజు మీ నాన్న బండి ప్రకటనలో గొప్పగా రాసే సంగతి అది! కాలిన వాయువు త్వరగా బయటికి పోవాలని కొందరు సిలిండర్ అడుగు భాగంలో చుట్టూ రంధ్రాలు వేసేవారు. ఇంధనం మండి పిస్టన్ కిందికి వచ్చినప్పుడల్లా వాటిలోంచి మంట కక్కేది, దాంతో పాటు నూనె కూడా. ఆ రోజుల్లో ఇంజనులో నూనె తిరిగి తొట్టిలోకి చేరే ఏర్పాటు లేదు. నడిపేవాడు చేతిపంపుతో కొడుతూ ఉండాలి, అది పనిచేసి బయటికి చిమ్మి పోవాలి. ఎక్కడికి పోతుంది? చెక్కల మీదికి. జారుడు గోడ మీద ఇంకాస్త జారుడు.

నాకు అన్నిటికన్నా అందంగా తోచేది సైక్లోన్ అనే బండి. మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్‌లో జోర్న్స్ కంపెనీ 1910ల నడుమ కొద్దికాలమే దాన్ని తయారుచేసింది. మిగతావాళ్లు వాల్వులను పొడవాటి కడ్డీలతో తోసి తెరుస్తుంటే, వీళ్లు వాల్వులను తెరిచే ఉబ్బెత్తు చక్రాలైన కామ్‌లను తీసుకెళ్లి సిలిండర్ తల మీదే కూర్చోబెట్టారు. కింది నుంచి శంకు పళ్లచక్రాలతో నిట్టనిలువు ఇరుసు ఒకటి పైకి వెళ్లి వాటిని తిప్పుతుంది. ఆ పళ్లు అంత కచ్చితంగా కోసిన చేతులకు దండం పెట్టాలి. పసుపు రంగు వేసేవారు. మిగిలినవి చాలా కొద్ది. అందులో ఒకటి, ఒకప్పుడు సినిమా నటుడు స్టీవ్ మెక్వీన్ దగ్గరున్నది, 2015 వేలంలో 8 లక్షల డాలర్లకు పైగా పలికింది.

1912 డిసెంబర్ 30న ప్లాయా డెల్ రేలో ఎక్సెల్సియర్ బండి మీద లీ హ్యూమిస్టన్ మైలును 36 సెకన్లలో చుట్టాడు. అంటే గంటకు 100 మైళ్లు, 160 కిలోమీటర్లు. తలకు తోలు టోపీ, ఒంటికి ఉన్ని స్వెటర్. 1921లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో హార్లే బండి మీద ఓటో వాకర్ పందెం మొత్తాన్ని సగటున ఆ వేగానికి మించి నడిపి గెలిచాడు.

ఇంతవరకు చదివి మీకు ఉత్సాహం వచ్చి ఉంటుంది. నాకూ వస్తుంది. కానీ 1912 సెప్టెంబర్ 8న న్యూజెర్సీలోని న్యూఆర్క్ మోటార్‌డ్రోమ్‌లో జరిగింది కూడా మీకు తెలియాలి. ప్రేక్షకులను ట్రాకు పై అంచునే నిలబెట్టేవారు. వాళ్లు కంచె మీదుగా వంగి కిందికి చూసేవారు. రేసర్ ఎడ్డీ హాషా బండి అదుపు తప్పి ఆ కంచె దాకా ఎక్కేసింది. హాషా చనిపోయాడు. దొర్లిన బండి వెనక వస్తున్న జానీ ఆల్‌బ్రైట్‌ను కొట్టింది, అతనూ పోయాడు. కంచె దగ్గర నిలబడి చూస్తున్నవాళ్లలోనూ ప్రాణాలు పోయాయి, వాళ్లలో మీ ఈడు కుర్రాళ్లు ఉన్నారు. మరుసటి ఏడాది కెంటకీలోని లడ్లోలో ఒక బండి దీపస్తంభాన్ని గుద్దుకుని, పెట్రోలు అంటుకుని మరికొందరు ప్రేక్షకులు చనిపోయారు. పత్రికలు మోటార్‌డ్రోమ్‌లను మర్డర్‌డ్రోమ్‌లని, అంటే హత్యా వలయాలని రాశాయి. చూసేవాళ్లను ఎక్కడ నిలబెట్టాలన్నది కట్టేటప్పుడే ఆలోచించాల్సిన విషయం. టిక్కెట్టు డబ్బు లెక్కపెట్టిన యజమానులు అది ఆలోచించలేదు. రేసర్ల ధైర్యాన్ని ఎంత మెచ్చుకుంటానో, ఆ యజమానుల మీద అంత కోపం వస్తుంది నాకు.

చెక్క కూడా ఎదురుతిరిగింది. ఎండకూ వానకూ పుచ్చిపోయి, పేళ్లు లేచి బాకుల్లా గుచ్చుకునేవి. పైన పందెం నడుస్తుండగానే కింద వడ్రంగులు చెక్కలు బాగుచేసేవారు. బాగుచేసే ఖర్చు భరించలేక 1930ల మొదటికల్లా ఆ ట్రాకులు దాదాపు అన్నీ మూతపడ్డాయి. ఒక్క రూపంలో మాత్రం మిగిలాయి. 1911 నాటికే న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్‌లో జాతర ఆటగా చిన్న మోటార్‌డ్రోమ్ పెట్టారు. ఆ చిన్నవాటి గోడలు క్రమంగా నిట్టనిలువుగా మారాయి. నాంపల్లి ఎగ్జిబిషన్‌లో చెక్క బావి లోపల మోటార్‌సైకిల్ తిరుగుతుంటే మీరు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారే, ఆ బావి వంశం అక్కడిదే.

మీరు పంపిన ఫొటోలో ఉన్నది మాత్రం ఆ కాలపు బండి కాదు. ఆ పోలికతో ఈ మధ్య కొత్తగా కట్టింది. ఫ్రేము అతుకులు చూడండి, పాత బండ్లలో గొట్టాలను కీళ్లలోకి దూర్చి ఇత్తడి కరిగించి పోసేవారు, ఇందులో నేరుగా వెల్డింగ్ చేశారు. ఇలాంటిది కట్టడం చిన్న పని కాదు. నా స్నేహితుడి షెడ్డులో ఒకటి తయారవుతుంటే పక్కన కూర్చుని చూశాను. ట్యాంకుకే ఎక్కువ రోజులు పట్టింది. రేకును లావుపాటి గొట్టం చుట్టూ చెక్క సుత్తితో కొంచెం కొంచెంగా వంచాడు. అతుకు వేశాక బయట అతుకు పొడవునా సుద్ద తడిపి పూసి ఆరనిచ్చాడు. లోపల కిరోసిన్ పోసి రాత్రంతా వదిలేశాడు. తెల్లారి చూస్తే తెల్లటి సుద్ద మీద ఆవగింజంత తడి మరక. కంటికి కనిపించని కంత అది. అక్కడ గీకి మళ్లీ అతికాడు, మళ్లీ సుద్ద, మళ్లీ కిరోసిన్. మరక రాని రోజున రంగు డబ్బా తెరిచాడు. ఆ ఓర్పు ఉన్నవాడు కట్టిన బండి మీద నాకు నమ్మకం ఉంటుంది. అతను వెనక చక్రానికి బ్రేకు పెట్టాడు. అచ్చం పాతదానిలా లేదని ఎవరో అంటే వినిపించుకోలేదు. బాగా చేశాడు.

మీరూ ఒకటి కడతామన్నారు. కట్టండి, నేను ఉంటాను. కాని రోడ్డెక్కించడానికి కాదు. మన మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి అది ఒప్పుకోదు. షెడ్డులో నిలబెట్టి, ఇంజను ఆడించి చూసుకునేందుకు కట్టుకుందాం. ముందు ఇనుము జోలికి పోకుండా అట్టముక్కల మీద నిండు కొలతతో ఫ్రేము గీయండి, చక్రాల మధ్య దూరం, సీటు ఎత్తు అన్నీ రాసుకోండి.

సెలవులకు వచ్చేలోపు ఈ లెక్క కూడా చేసి తెండి: అర మైలు వలయం, 45 డిగ్రీల వాలు, టైరు పట్టు అవసరం లేకుండా బండి నిలిచే వేగం గంటకు ఎన్ని కిలోమీటర్లు? మైలును మీటర్లలోకి మార్చడం మరిచిపోవద్దు.

మీ
తాతయ్య